ఇంకేం మానెయ్యాలి

పదకొండు గంటలకల్లా హైమావతి ముప్ఫై ఏడు కారణాలు రాసేసింది. ముప్ఫై ఎనిమిదోది అమలాపురంలో ఉండే ఒక మాజీ పోస్టుమాస్టరుది. ఆయనకు డెబ్బై ఆరేళ్ళు. బీమా వెలలు కట్టే యంత్రం తూనిక ఆయన కారు వెలను నిరుటికి రెండింతలు చేసి, కేసును ఆమె తెర మీదికి తోసింది. ఎందుకు చేసిందో చెప్పలేదు. చెప్పడం దాని పని కాదు, హైమావతి పని.

ఆమె జాడపెట్టె నమోదులను పైపైన తిరగేసింది. కారులో బిగించిన ఆ పెట్టె బ్రేకు నొక్కిన ప్రతిసారీ, తల తిప్పిన ప్రతిసారీ రాసుకుంటుంది. కాబట్టి వెతకాలే గానీ ఎవరి జాడలోనైనా ఏదో ఒకటి దొరక్కపోదు. పోస్టుమాస్టరు రోజూ కాలవ గట్టు మీద కారు ఆపి పావుగంట కూర్చుంటున్నాడు. 'జలసమీపంలో దీర్ఘ విరామాలు' అని మొదలుపెట్టి నలభై పదాలు నింపి పంపేసింది. పాపం, రేపటినుంచి ఆయన అక్కడ ఆగడు.

కారణ లేఖరులకు నియమాలు మూడే. నలభై పదాలకు తగ్గకూడదు. అంకెలు వెయ్యకూడదు. వయసు అన్న మాట రాకూడదు. వయసును బట్టి వెల పెంచకూడదని చట్టం వచ్చి పన్నెండేళ్ళయింది. ఆ మాట టైపు చేస్తే తెర మీద అక్షరాలు వెలిసిపోయి మాయమవుతాయి. కారణం చెప్పని వెల చెల్లదని కూడా అదే చట్టం అంది. తూనికకు లెక్క వచ్చు, మాట రాదు. అందుకని రాజమహేంద్రవరం ప్రాంతీయ కార్యాలయంలో నలభై బల్లలు వేసి నలభై మంది లేఖరులను కూర్చోబెట్టారు. ఎద్దు ఈనిందని తూనిక అంటే దూడను గాటన కట్టెయ్యడమే వాళ్ళ ఉద్యోగం. జీతం మాత్రం ఒకటో తారీకుకే వస్తుంది.

ప్రతి బల్ల మీదా నాలుగు మీటలుంటాయి. వాహనం, మార్గం, నడిపే తీరు. కారణం ఏ కోవకు చెందితే ఆ మీట నొక్కాలి. నాలుగోది 'తెలియదు'. చట్టం పెట్టమంది కాబట్టి పెట్టారు. అది నొక్కితే ఆ కేసుకు నిరుటి వెలే నిలుస్తుంది. తూనిక ఒకే మూటగా కట్టి వెల పెంచిన మిగతా కేసులు కూడా ఆగిపోతాయి. నొక్కిన లేఖరి బల్ల ఖాళీ చెయ్యాలి. హైమావతి చేరి ఆరేళ్ళు. ఇంకో రెండేళ్ళు చేస్తే పర్మనెంటు. ఆమె నాలుగో మీట మీద ప్లాస్టిక్ పొర కొన్ననాటిది అలాగే ఉంది.

వచ్చినవాళ్ళను తన బల్ల దగ్గర కలుసుకునే వంతు ఆ రోజు ఆమెది. మనుషులు స్వయంగా వచ్చి అడగవచ్చన్నది కూడా చట్టమే. ఎవరూ రారు. పన్నెండు కావస్తుండగా ఒక పెద్దావిడ వచ్చింది. జరీ లేని గంజిచీర, కాళ్ళకు బూట్లు, చంకలో అట్ట ఫైలు. బల్ల మీది 'లేఖరి 27' అన్న పలకను ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పెండ్యాల సత్యవాణి అంటారమ్మా నన్ను. కొవ్వూరు నుంచి వస్తన్నాను. ముప్ఫై ఏళ్ళు అక్కడ డ్రైవింగ్ స్కూలు నడిపాను. ఇప్పుడు డెబ్బై మూడు నాకు. ఇయ్యాల ఐదింటితో కారు ఇన్సూరెన్సు అయిపోద్ది. నిరుడు నలభై రెండు వేలు కట్టాను. ఈయేడు లక్షా పదహారు వేలంటన్నారు. ఒక్క గీత పడలేదమ్మా నా బండికి ఇన్నేళ్ళలో."

"కారణపత్రం ఇంటికే వస్తుందండి. ఇంత దూరం మీరు రానక్కర్లేదు."

"పత్రాలకేం, వస్తానే ఉన్నాయి." ఆవిడ ఫైలు విప్పి మూడు కాగితాలను వరసగా పరిచింది. "ఇది మూడేళ్ళ కిందటిది. మలుపుల్లో అనవసరంగా హారను కొడుతున్నానంట. మలుపులో హారను కొట్టమని నాలుగు వేల మందికి నేర్పినదాన్ని. మానేశాను. ఇప్పుడు మలుపొస్తే ఊపిరి బిగబట్టుకుని తిప్పుతన్నాను. ఇది ఆ పైయేటిది. సాయంత్రం వెలుతుర్లో బ్రేకు ఆలస్యమంట. సాయంత్రాలు బండి తియ్యడం మానేశాను. మా వదిన డయాలసిస్ తెల్లారి ఆరింటికి మార్పించాను. నాలుగింటికి లేవాలి ఆవిడ, ఆ ఒంటితో. ఇది నిరుటిది. రేడియో వల్ల ధ్యాస చెదురుతోందంట. పాటలంటే ప్రాణం మా వదినకి. రేడియో కట్టేశాను. ఇద్దరం మూగోళ్ళలాగా వెళ్ళొస్తన్నాం. మీరు చెప్పినవన్నీ మానేశానమ్మా. ఇంకేం మానెయ్యాలో చెప్పు, అదీ మానేస్తాను."

హైమావతి కాగితాలను ముట్టుకోలేదు. ముట్టుకోనక్కర్లేదు. 'ధ్యాస చెదురుట' అన్న మాట ఈ కార్యాలయంలో ఆమె ఒక్కతే వాడుతుంది. ఇంటిపేరు మొదటి అక్షరాన్ని బట్టి కేసులు పంచుతారు, 'ప' మొదట్నుంచీ ఆమెదే. మూడు కాగితాల అడుగునా చిన్న అక్షరాల్లో ఇరవై ఏడు అని ఉంది. ఆవిడ చూడకపోతే బాగుండునని హైమావతి అనుకుంది. అలా అనుకున్నందుకు వెంటనే సిగ్గు కూడా పడింది. ఒక్కో కారణం రాయడానికి ఆమెకు నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలను పట్టుకుని ఇద్దరు మనుషులు ఏళ్ళ తరబడి బతుకుతున్నారు.

"స్వయంచరంలో తీసుకెళ్ళచ్చు కదండీ?" అంది, ఏదో ఒకటి అనాలని. "దానంతటదే నడుస్తుంది. ఆస్పత్రికైతే డబ్బు కూడా తీసుకోరు."

"తీసుకెళ్ళాను. డయాలసిస్ అయ్యాక ఆవిడకి కడుపులో తిప్పుద్ది. దార్లో వాంతి చేసుకుంటే ఆ కారు ప్రాణం మీదికొచ్చిందనుకుని బ్రిడ్జి నడిమధ్యన ఆగిపోయింది. కదలదు, తలుపు తియ్యదు. అంబులెన్సు వచ్చేదాకా నలభై నిమిషాలు ఎండలో మా వదిన ఏడుస్తానే ఉంది. నేనైతే ఒక పక్కన ఆపి వీపు నిమిరి, నోరు కడిగించి తీసుకుపోతాను. చచ్చినా దాన్ని ఎక్కనంటది ఇప్పుడు."

"ఆ లక్షా పదహారు వేలు..."

"అది కడితే ఆవిడకి మందుల్లేవు. కట్టకపోతే ఐదింటికి నా డ్రైవింగ్ అనుమతి తెగిపోద్ది. డెబ్బై దాటాక ఒక్క రోజు తెగినా మళ్ళీ ఇవ్వరంట కదా. రేపు తెల్లారి ఆరింటికి ఆవిణ్ణి ఎట్టా తీసుకెళ్ళాలి?"

హైమావతి జాడను తెరిచింది. ఈసారి పైపైన కాదు, నెలలకు నెలలు చదివింది. వారానికి మూడు రోజులు, కొవ్వూరు నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి కొవ్వూరుకు. గీత గీసినట్టు ఉంది ప్రయాణం. ఒక్కచోట మాత్రం ప్రతిసారీ ఏదో జరుగుతోంది. వంతెన ఎక్కిన మూడో నిమిషంలో వేగం సగానికి సగం తగ్గింది. ఎడమ కిటికీ దిగింది. స్టీరింగు మీద ఒక చెయ్యి లేదు. ఏడు సెకన్ల తరువాత అన్నీ మామూలే. ఆ ఏడు సెకన్లను తూనిక 'జలాభిముఖ సంకోచం' అన్న పేరుతో విడిగా మూటగట్టింది. ఆ పేరుకు అర్థం లేఖరులందరికీ తెలుసు. నీళ్ళలోకి తిప్పేద్దామా వద్దా అని తటపటాయించేవాళ్ళ గుర్తు అది.

గోదావరి గట్టున పుట్టిన హైమావతికి మాత్రం అది చదవగానే తెలిసిపోయింది.

"బ్రిడ్జి మీద నాణెం వేస్తున్నారా అండీ?"

సత్యవాణి ముఖం మొదటిసారి విప్పారింది. "మా వదిన వేస్తది. నాణేలు చలామణీలో లేవు గానీ, గాజు సీసా నిండా పాత రూపాయి బిళ్ళలు దాచిపెట్టింది, గోదారమ్మ కోసమని. ఆవిడ వేస్తే నేను ఒక చేత్తో దణ్ణం పెట్టుకుంటాను. ఆవిడకి చెయ్యి వణుకుద్ది కదా, అందుకని కాస్త మెల్లిగా పోనిస్తాను." అంతలోనే ముఖం వాడిపోయింది. "అదేనా కారణం? అదా మానెయ్యాలి?"

"ఉండండి. చూసి చెప్తాను."

ఒక్కో కేసుకు లేఖరికి మూడు 'లేకుంటే' పరీక్షలు ఇస్తారు. జాడలోంచి ఏదైనా తీసేసి, అది లేకుంటే వెల ఎంత ఉండేదో తూనికను అడగవచ్చు. ఎవరూ అడగరు. అడిగితే రోజుకు అరవై కారణాలు రాయడం కుదరదు. హైమావతి వంతెన మీది ఏడు సెకన్లను తీసేసి అడిగింది. వెల తగ్గలేదు. పైపెచ్చు నాలుగు వేలు పెరిగింది. రెండోసారి, ఆవిడ మానేసినవన్నీ వెనక్కి తెచ్చింది. మలుపుల్లో హారన్లు, సాయంత్రాలు, రేడియో పాటలు. ఒక్క రూపాయి తేడా రాలేదు.

మూడో పరీక్షకు ఏం మార్చాలో తోచలేదు. ఏమీ మార్చకుండానే అడిగింది. అదే మనిషి, అదే కారు, అదే దారి. వెల తొమ్మిది వందలు మారింది.

ఆమె లేచి పర్యవేక్షకుడు ఉమాపతి దగ్గరికి వెళ్ళింది. ఆయన టిఫిన్ డబ్బా మూత తీస్తూ తెర మీది ఫలితాలను చూశాడు. చెడ్డవాడు కాదు. కొత్త లేఖరులకు పదాలు అరువిచ్చి గట్టెక్కించేవాడు.

"నాణెం దొరికిందిగా, ఇంకేం?" అన్నాడు. "వంతెనపై వేగ వైవిధ్యం. బంగారంలాంటి కారణం. రాసెయ్."

"అది కారణం కాదు సార్. తీసేస్తే వెల పెరిగింది. మూడోసారి ఏమీ మార్చలేదు, అయినా మారింది. దానికే తెలియదు."

"దానికి తెలియాలని ఎవరన్నారమ్మా? మనుషులకు కారణం అంటే నిజం కాదు, ఊరట. తన తప్పేదో ఒకటి తెలిస్తే దిద్దుకుంటూ బతికేస్తారు. ఏ తప్పూ లేదని చెప్పి చూడు, నిద్రపట్టదు వాళ్ళకి."

"ఆవిడ దిద్దుకుంటూనే ఉంది సార్. మూడేళ్ళనుంచి."

ఉమాపతి డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. "హైమా, పైవాళ్ళు, నేను, నువ్వు... తిలా పాపం తలా పిడికెడు. నీ పిడికెడు నువ్వు మొయ్యి, చాలు. రెండేళ్ళలో పర్మనెంటు నీకు."

ఆమె తిరిగొచ్చి కూర్చుంది. ఊరట అన్న మాట నిన్నటిదాకా ఆమెదే. ఇంట్లో అడిగితే తన ఉద్యోగం గురించి అదే చెప్పేది. 'నడిపే తీరు' మీట మీద వేలు పెట్టింది. నాణెం సంగతి రాస్తే నలభై పదాలు ఇట్టే నిండుతాయి. సత్యవాణి అప్పో సప్పో చేసి కట్టినా కడుతుంది. కట్టి, రేపు బ్రిడ్జి మీద మెల్లిగా పోనివ్వదు. కిటికీ దించదు. వదిన ఒళ్ళో రూపాయి బిళ్ళ అలాగే ఉండిపోతుంది. తన నాణెం వల్లే ఇంత డబ్బు పోయిందని, ఆ జబ్బుమనిషి పోయేదాకా అనుకుంటుంది. వచ్చే ఏడు వెల మళ్ళీ పెరుగుతుంది. అప్పటికి ఆవిడ దగ్గర మానెయ్యడానికి ఏం మిగులుతుందో హైమావతికి తెలియలేదు.

ఆమెకు భయం వేసింది. ఇంటద్దె, చీటీ పాట, పర్మనెంటు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. వేలు మీట మీద నుంచి తీసింది. టైపు చెయ్యడం మొదలుపెట్టింది.

'ఈ వెల ఎందుకు పెరిగిందో నాకు తెలియదు. ఇక్కడ ఎవరికీ తెలియదు. గత మూడేళ్ళుగా మీకు రాసిన కారణాలు కూడా తెలిసి రాసినవి కావు. హారను, సాయంత్రాలు, రేడియో మానేసినందువల్ల వెల ఒక్క రూపాయి తగ్గలేదు. మీరు నడిపే తీరులో నేను చూసినంతలో తప్పేమీ లేదు. మానేసినవన్నీ మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నాణెం వెయ్యవచ్చు. నన్ను క్షమించండి.'

లెక్కపెట్టుకుంది. నలభై పదాలు సరిగ్గా సరిపోయాయి. అంకెలు లేవు. రాకూడని మాట రాలేదు. తూనికకు వంక పెట్టడానికి ఏమీ లేదు. నాలుగో మీట అంచును గోటితో గీకి, ప్లాస్టిక్ పొరను ఒలిచి చెత్తబుట్టలో వేసింది. మీటను నొక్కింది.

తెర చాలాసేపు తెల్లగా ఉండిపోయింది. ఆరేళ్ళలో అది ఆమెను ఏదీ అడగలేదు. ఇప్పుడు అడిగింది: 'లేఖరికి తెలియదా? కారణమే లేదా?'

ఆమె రెండోదాన్ని ఎంచుకుంది.

'ఈ మూటలో మరో ఆరువందల పన్నెండు కేసులు కలవు. అన్నింటికీ నిరుటి వెల వర్తించును. పునఃపరిశీలన వరకు తూనిక నిలిపివేయబడినది.'

హాలులో టకటకలు ఒక్కో బల్ల దగ్గరా ఆగిపోయాయి. ముప్ఫై తొమ్మిది తెరలు ఒకదాని వెనుక ఒకటి తెల్లబడ్డాయి. ఎవరో "ఏమైందండీ?" అన్నారు. ఉమాపతి చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడి, ఇరవై ఏడో బల్ల వైపు చూశాడు.

అచ్చయి వచ్చిన పత్రాన్ని హైమావతి సత్యవాణి చేతికిచ్చింది. "నిరుటి వెలే కట్టండి. నలభై రెండు వేలు. ఐదింటిలోగా పక్క కౌంటర్లో కట్టేస్తే రేపు మీ బండి మీరే నడుపుకోవచ్చు."

సత్యవాణి కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చదివింది. చదువుతున్నంతసేపూ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"అయితే సాయంత్రం నడపొచ్చా నేను?"

"నడపొచ్చండి."

"మలుపులో హారను?"

"కొట్టండి."

ఆవిడ కొత్త పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. ఖాళీ ఫైలును చంకన పెట్టుకుని లేచింది. పాత కాగితాలు మూడూ బల్ల మీదే ఉన్నాయి.

"మీ కాగితాలండీ," అంది హైమావతి.

సత్యవాణి వాటిని ఇరవై ఏడో నంబరు పలక దగ్గరికి జరిపింది. "నువ్వు రాసినవేగా తల్లీ. నీ దగ్గరే ఉండనీ," అని పక్క కౌంటరు వైపు నడిచింది.