రింగు లేని మిస్డ్ కాల్

ఆ ఉదయం పదకొండున్నర లోపు ఏజెంట్ దయాకర్ చేయాల్సిన పనులు:

ఉప్పల్ మెట్రో కింద బండి మార్చాలి. ఏసీ మెకానిక్ చొక్కా తొడుక్కోవాలి. ఏసీ గ్యాస్ సిలిండర్ భుజానికెత్తుకుని నాచారంలోని ఫోన్ సర్వర్ ఆఫీసులోకి వెళ్లాలి. కాల్స్ ఎక్కడ మాయమవుతున్నాయో పట్టుకోవాలి. గోపాలరావును చావనివ్వకూడదు.

చివరిది చీఫ్ మురళీధర్ రెండుసార్లు చెప్పాడు.

"గోపాలరావు మనవాడు. ఏడు నెలలుగా ఒక విదేశీ ముఠాలో డ్రైవర్ వేషంలో ఉన్నాడు. వాళ్లకు అనుమానమొచ్చింది. మూడు రోజులుగా మన సేఫ్ లైన్‌కు ఫోన్ చేస్తున్నాడు. ఇక్కడ మోగడం లేదు. ఈరోజు పదకొండున్నరకు ఆఖరిసారి చేస్తానని చీటీ పంపాడు. తనను ఎక్కడికి తీసుకెళ్తారో అప్పటికిగానీ తెలియదట. పన్నెండుకు అతన్ని చంపేస్తారట."

"లోపల మనవాళ్లెవరు సార్?"

"కన్సల్టెంట్ కీర్తన. సేఫ్ లైన్ ఫోన్ నీ జేబులో ఉంచుకో. కోడ్ వర్డ్: కంప్రెసర్ వేడెక్కిందా?"

పదకొండుంబావుకు దయాకర్ ఆ మాటే అడిగాడు. పట్టుచీర, నల్లకళ్లద్దాల కీర్తన నవ్వి, గొంతు తగ్గించింది.

"వేడెక్కింది. కానీ డ్రాప్స్ సున్నా దయాకర్ గారూ, దారిలో పోయిన కాల్ ఒక్కటీ లేదు. తప్పు మీ ఫోన్లోనే ఉండుంటుంది."

స్క్రీనంతా ఆకుపచ్చ. ఆ సర్వర్ మాటలు మోయదు. 'ఫలానా నంబరు పిలుస్తోంది, మోగు' అనే మెసేజ్‌ను మోస్తుంది. గంటకు లక్షల్లో. ఆ మెసేజ్ పోతే అవతల ఫోన్ మోగదు.

కీర్తన ఫోనందుకుని బయటికెళ్లింది. స్క్రీన్ ముందు మానిటరింగ్ ఆపరేటర్ సంతోషి మిగిలింది.

"ఏందన్నా, ఏసీ గోడకుంది. నువ్వు స్క్రీన్ సూస్తున్నవ్."

దయాకర్ గుర్తింపు కార్డు చూపించి, గోపాలరావు నంబరు చెప్పాడు. ఆమె నిటారుగా కూర్చుంది.

"డ్రాప్ ఏం లేదు సార్. మూడు రోజుల్ల తొమ్మిది మిస్డ్ కాల్స్, గంతే."

ఇక్కడి ఫ్యాక్టరీ వాళ్లు గేటు దగ్గరికొచ్చి ఒక రింగిచ్చి కట్ చేస్తారు. 'వచ్చిన' అని దానర్థం. వాటినీ డ్రాపుల్లో కలిపితే రోజంతా స్క్రీన్ ఎర్రబడుతోందని ఇంజినీర్లు ఎప్పుడో లెక్కలోంచి తీసేశారు.

సంతోషి వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

"ఆగున్రి సార్. వీటికి 'మోగుతోంది' అన్న జవాబే రాలే. రింగు ఇనకుండ మిస్డ్ కాల్ ఎవరిస్తరు? మా అమ్మ సుత రింగు ఇన్నంకనే కట్ చేస్తది."

లోపలికి వెళ్లి వెతికింది. ఒక రూల్ దొరికింది: ఈ నంబరు మెసేజ్ పారెయ్, మిస్డ్ కాల్ అని రాయి. రాసినవారు: కీర్తన.

సరిగ్గా పదకొండున్నర. గోపాలరావు మెసేజ్ వచ్చింది. పోయింది.

"జవాబు రాకుంటే ఆయన ఫోన్ గదే మళ్ల మళ్ల పంపుతది సార్, మొత్తం ఏడుసార్లు, ప్రతిసారి ఎడం పెంచుకుంట. ఆఖరిది ముప్పై ఒకటిన్నర సెకన్లకు. తర్వాత ఇడిసిపెడ్తది."

"రూల్ తీసెయ్!"

"చేతులు తియ్యమ్మా సంతోషీ." వెనక కీర్తన. చేతిలో చిన్న పిస్టల్. అదే నవ్వు. "ఏసీ వాళ్లతో కబుర్లెందుకే నీకు?"

అప్పటికే రెండో మెసేజ్ పోయింది. మూడు. నాలుగు. అయిదు. పదిహేనున్నర సెకన్లకు ఆరోది. ఇక మిగిలింది ఒక్కటే.

సంతోషి కళ్లు గడియారం మీద. దయాకర్ వేళ్లు భుజం మీది సిలిండర్ వాల్వ్ మీద.

ఇరవై ఆరు. ఇరవై ఏడు.

"కంప్రెసర్ నిజంగానే వేడెక్కింది మేడమ్," అంటూ వాల్వ్ తిప్పాడు. తెల్లటి గ్యాస్ కీర్తన ముఖానికి కొట్టింది. పిస్టల్ పేలి గుండు సీలింగ్‌లో దిగింది. దయాకర్ ఆమె మణికట్టు విరిచిపట్టాడు.

"తీసేసిన సార్!"

ఏడో మెసేజ్ వచ్చింది. దయాకర్ జేబులో సేఫ్ లైన్ ఫోన్ మోగింది.

"మల్లాపూర్ దారి. అట్టపెట్టెల గోడౌన్," అంది గోపాలరావు గొంతు. లైన్ తెగింది.

పన్నెండుకు ఒక నిమిషం ముందు ఆ గోడౌన్ తలుపు విరిగింది. గోపాలరావు ప్రాణాలతో బయటికొచ్చి ముందుగా అడిగింది, చాయ్.

రహస్య ఫైల్లో 'సాంకేతిక లోపం సరిచేయబడింది' అని ఒకే వాక్యం రాశారు. అనుమతి లేకుండా రూల్ తొలగించినందుకు సంతోషికి మెమో వచ్చింది. మౌలాలి నుంచి బస్సులో డ్యూటీకొచ్చే ఆ అమ్మాయి పేరు ఇంకే కాగితంలోనూ లేదు. మీరైనా గుర్తుపెట్టుకోండి.