కిటికీకి ఎన్ని గళ్లు?

భోజనం బెల్లు కొట్టి చాలాసేపయింది. కంప్యూటర్ గదిలో ఇద్దరు మాత్రం ఇంకా కదల్లేదు.

"చివరి పీరియడ్‌కి రెండో తరగతి పిల్లలు వచ్చేస్తారు. నువ్వింకా రంగులు దిద్దుతూ కూర్చున్నావా?" అంది పిడుగు.

"అయిపోవచ్చింది," అన్నాడు నత్త. పొద్దుటినుంచి అతను అదే మాట అంటున్నాడు.

పిడుగు, నత్త అనేవి వాళ్ల అసలు పేర్లు కావు. కానీ ఆరో తరగతిలో ఆ పేర్లతో పిలిస్తేనే పలుకుతారు. ఆ అమ్మాయి ఎదుటివాళ్లు చెప్పడం పూర్తికాకముందే పని మొదలుపెట్టేస్తుంది. ఆ అబ్బాయి రెండుసార్లు అడిగి, మూడోసారి ఆలోచించి, అప్పుడు మొదలుపెడతాడు. నత్త అంటే అతనికి కోపం కూడా రాదు. తన సంచి మీద తనే పెన్నుతో నత్త బొమ్మ వేసుకున్నాడు.

ఇద్దరూ కలిసి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ఆట తయారుచేస్తున్నారు. కంప్యూటర్ ఒక మాటను మనసులో పెట్టుకుని, చిన్న క్లూ ఇస్తుంది. మాటలో ఎన్ని అక్షరాలుంటే తెర మీద అన్ని ఖాళీ గళ్లు కనిపిస్తాయి. ఆడేవాళ్లు ఒక్కో అక్షరం ఊహించి చెప్పాలి. సరైనదైతే అది గడిలోకి వచ్చి కూర్చుంటుంది. తప్పయితే ఒక అవకాశం పోతుంది.

కంప్యూటర్ టీచర్ మొదటిరోజే ఒక షరతు పెట్టారు.

"అంతా ఒకే ఫైల్లో కలగాపులగం చెయ్యొద్దు. పొరలు పొరలుగా విడదీయండి. ఒక ఫైలు మాటల్ని దాస్తుంది. ఇంకోటి లెక్క చూస్తుంది. ఎన్ని అక్షరాలు, చెప్పింది తప్పా ఒప్పా, అన్నీ దాని పనే. మూడోది తెర. లెక్క ఫైలు ఏం చెబితే అది గీస్తుంది, అంతే."

మాటలూ లెక్కా పిడుగు తీసుకుంది. తెర నత్తకి వచ్చింది. పడవ, పలక, నడక అనే మూడు మాటలతో ఆడి చూశారు. ఆట చక్కగా నడిచింది.

ఎట్టకేలకు నత్త లేచాడు. "ఆకలేస్తోంది. నువ్వు రావా?"

"నువ్వు పద. ఇంకొన్ని మాటలు కలిపి వస్తా."

పిడుగు మొదట 'కిటికీ' అని కలిపింది. ఆట నడిపింది. తెర మీద ఆరు గళ్లు వచ్చాయి!

"కి, టి, కీ," అని వేళ్లు మడిచింది. మూడే.

'ఈ నత్తగాడికి గళ్లు గీయడం కూడా రాదు,' అనుకుంది. గళ్లు కనిపించేది తెర మీద. తెర నత్తది. ఇంక ఆలోచించడానికి ఏముంది?

నత్త ఫైలు తెరిచింది. గళ్లు గీసే లైను వెతికి పట్టుకుంది. వచ్చిన లెక్కలో సగం గళ్లే గీయమని, అర మిగిలితే వదిలేయమని మార్చింది. మళ్లీ నడిపితే కిటికీకి మూడు గళ్లు వచ్చాయి.

"హమ్మయ్య!" అనుకుని, ఆడి చూడకుండానే అన్నానికి పరిగెత్తింది. నత్తకి చెప్పలేదు. ఇంత చిన్న పనికి చెప్పేదేముంది అనుకుంది.

చివరి పీరియడ్‌లో రెండో తరగతి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. ముందు పళ్లు ఊడిన ఒక పాప అందరినీ తోసుకుని కుర్చీ ఎక్కేసింది.

"ముందు నేను, అక్కా!"

పిడుగు ఆట మొదలుపెట్టింది. తెర మీద క్లూ వచ్చింది: నీళ్ల మీద వెళ్తుంది. దాని కింద ఒకే ఒక్క గడి.

"ఒక్క అక్షరంతో నీళ్ల మీద వెళ్లేది ఏముంటుంది?" పాప బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "పడవకి మూడుంటాయే! సరే, 'ప' కొట్టక్కా."

పిడుగు కొట్టింది. 'ప' వచ్చి గడిలో కూర్చుంది.

"గెలిచానా?"

"లేదు. ఇంకా రెండక్షరాలు ఉన్నాయి."

"ఎక్కడున్నాయి? మునిగిపోయాయా?"

పిల్లలందరూ పకపకా నవ్వారు. పిడుగు ముఖం కందిపోయింది.

"ఒరేయ్ నత్తా! అంతా నీ తెర వల్లే! నీకిచ్చింది ఒక్క పని. అదీ చెడగొట్టావు!" అని అరిచింది.

నవ్వులు ఆగిపోయాయి. నత్త కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. తన ఫైలు తెరిచి పైనుంచి నెమ్మదిగా చదివాడు. ఒకచోట అతని వేలు ఆగింది.

"ఈ లైను నేను రాయలేదు," అన్నాడు.

పిడుగు తల దించుకుంది. నత్త ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. తర్వాత సంచి తీసుకుని, వెనక బెంచీకి వెళ్లి కూర్చున్నాడు.

ఓ పక్కనుంచి చూస్తున్న టీచర్ చిన్నపిల్లల్ని కాసేపు ఆడుకోమని బయటికి పంపారు. తనూ వాళ్ల వెనకే వెళ్తూ పిడుగు దగ్గర ఆగారు.

"లెక్క ఫైలు తెరకి ఎంత అని చెబుతోందో చూశావామ్మా?"

"లేదు టీచర్."

"రెండిటి మధ్యలో ఒక ప్రింట్ పెట్టి, ఆ అంకెని బయటికి రప్పించి చూడు."

పిడుగు ముందు నత్త ఫైల్లో తను మార్చిన లైనును పాత లైనులాగే రాసింది. తర్వాత తన ఫైలు చివర ప్రింట్ పెట్టి, 'కిటికీ' ఇచ్చింది.

ఆరు అని వచ్చింది.

తెర దాకా వెళ్లనే లేదు. ఆ ఆరు తన ఫైల్లోంచే వస్తోంది! ఒక్కో అక్షరాన్నీ విడిగా ప్రింట్ చేసింది. అప్పుడు తెలిసింది. 'కి' మనకి ఒక అక్షరం. కంప్యూటర్ మాత్రం 'క' ఒకటి, దాని మీది గుడి ఇంకొకటి అని లెక్కపెడుతోంది. పడవ, పలక, నడకల్లో గుడులూ లేవు, కొమ్ములూ లేవు. అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు.

పిడుగు వెనక్కి తిరిగి చూసింది. నత్త కిటికీలోంచి మైదానం వైపు చూస్తున్నాడు. ఈ ఆరుని ఎవరూ చూడలేదు. గుట్టుచప్పుడు కాకుండా సరిచేసేస్తే ఎవరికీ తెలియదు.

చేతులు కీబోర్డు మీద పెట్టింది. మళ్లీ తీసేసింది. లేచి వెనక బెంచీ దగ్గరికి వెళ్లింది.

"తప్పు నా ఫైల్లో ఉంది. గుడిని కూడా విడిగా ఒక అక్షరమని లెక్కపెడుతోంది. కిటికీకి నేను ఆరని చెబితే నీ తెర ఆరు గీసింది. అది తెలియక నీ దాంట్లో వేలు పెట్టాను."

నత్త ఆమె వైపు తిరిగాడు.

"నన్ను అడగొచ్చుగా?"

"అడగలేదు."

"అందరి ముందూ అరిచావు."

"అరిచాను. అందరి ముందే చెబుతాను కూడా."

నత్త సంచి పక్కన పెట్టి లేచాడు. "సరే పద. ముందు ఆ గుడి సంగతి చూద్దాం."

గుడి, కొమ్ము, దీర్ఘం లాంటి గుర్తు ఏదొచ్చినా దాన్ని ముందున్న అక్షరానికే అతికించమని పిడుగు రాసింది. ఎక్కడైనా తడబడితే నత్త చెప్పాడు. ఒత్తులున్న మాటలు ఇవాళ్టికి వద్దనుకుని, ఒత్తుల్లేని మాటలు ఇంకొన్ని కలిపారు. తెర ఫైల్లో ఒక్క లైను కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

పిల్లలు తిరిగొచ్చారు. పిడుగు గొంతు సవరించుకుంది.

"ఇందాక ఆట చెడింది ఈ అన్న వల్ల కాదు. నా వల్ల. ఊరికే అన్నని తిట్టాను."

"సరేగానీ అక్కా, తొందరగా మొదలుపెట్టు," అంది పళ్లు ఊడిన పాప.

ఈసారి కిటికీకి మూడు గళ్లే వచ్చాయి. పాప గెలిచి కుర్చీలోనే గంతులేసింది. దాని తర్వాత ఒక బాబు కూర్చున్నాడు. క్లూ వచ్చింది: రంగురంగుల రెక్కలు. గళ్లు వరసగా పరుచుకున్నాయి. చివరి గడి మాత్రం తెర అంచున సగమే కనిపిస్తోంది.

"అక్కా, ఈ గడి విరిగిపోయింది!"

పిడుగు వెంటనే మౌస్ అందుకుంది. లెక్క ఫైలు తెరిచి ప్రింట్ చూసింది. ఏడు. సీతాకోకచిలుక అని మనసులో అనుకుంటూ, బల్ల కింద వేళ్లు మడిచింది. అవును, ఏడే.

అప్పుడు నత్త వైపు తిరిగింది. "నా దగ్గర సరిగ్గానే వస్తోంది. నీ వైపు ఒకసారి చూస్తావా?"

నత్త అప్పటికే నవ్వుతున్నాడు. "ఈసారి నాదే. గళ్లు మరీ వెడల్పుగా గీశాను."

పిడుగు కీబోర్డు అతని ముందుకు జరిపింది. నత్త తన ఫైలు తెరిచి మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"తొందరగా అన్నా!" అని పిల్లలు గోల చేశారు.

"ఆగండి, అన్న చూస్తున్నాడుగా," అంది పిడుగు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని.