మూరెడు చోటు

శనివారం మధ్యాహ్నం మూడింటికి దుబాయ్ అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్ ముందు ప్రభుకిరణ్ కారు డిక్కీ తెరిచి నిలబడ్డాడు. గిటారు పెట్టె ఎలా పెడితే మాండొలిన్ పెట్టె కూడా పడుతుందా అని ఆలోచిస్తున్నాడు. ప్రతి వారం ఆలోచించేదే, ప్రతి వారం పట్టేదే. అయినా మొగుడి హోదాలో కాసేపు తల పంకించకపోతే అతనికి తృప్తి ఉండదు.

"ముందు నాది పెట్టండి. దాని పక్కన మీది," అంది తబిత, కారులో కూర్చునే.

వాళ్ళిద్దరిదీ ఒక జోడీ. పేరు 'గోదారి గ్రాస్'. అమెరికా కొండల్లో జనం గిటారు, మాండొలిన్ పట్టుకుని ఇద్దరేసి గొంతు కలిపి పాడుకునే పాటలున్నాయి, బ్లూగ్రాస్ అంటారు. పాలకొల్లు చర్చిలో మాండొలిన్ వాయించిన తబితకి చిన్నప్పుడే ఆ పిచ్చి పట్టింది. వారమంతా ఆమె దుబాయ్‌లో నర్సు, అతను ఏసీల కంపెనీలో సూపర్‌వైజరు. శని, ఆదివారాలు మాత్రం రోడ్డు మీదే. ఒక వారం అజ్మాన్, ఒక వారం ఫుజైరా, ఒక్కోసారి ఎక్కడో రువైస్. పెట్రోలు బంకులో చిక్కటి కరక్ చాయ్, ఒళ్ళో బిర్యానీ పొట్లం, ఎవరో ఒకరి హాల్లో పరుపు.

ఈ పాటకి ఒక పద్ధతుంది. ఇద్దరికీ కలిపి ఒకటే మైకు. పాడేటప్పుడు ముందుకి వంగాలి, వాయించేటప్పుడు వెనక్కి జరగాలి. ఎవరు ఎక్కడ నిలబడాలో తబిత ముందే ఆసుపత్రి తెల్ల టేపుతో నేల మీద గుర్తులు పెడుతుంది.

ఆ గుర్తుల దగ్గరే ప్రభుకిరణ్ కడుపు మండేది.

అతనికంటే ముందు తబితతో పాడినవాడు సుజిత్. చిన్నప్పటి నుంచీ ఒకే చర్చి, ఒకే పాటల పుస్తకం. ఇక్కడికీ కలిసే వచ్చారు. సుజిత్‌ది ఎడమచేతి వాటం. గిటారు తిరగేసి పట్టుకుని కుడిచేత్తో తీగలు నొక్కేవాడు. అందువల్ల వాళ్ళ పాత వీడియోల్లో మాండొలిన్ మెడ ఆ వైపుకీ, గిటారు మెడ ఈ వైపుకీ పోతుంది. మధ్యలో భుజానికి భుజం ఆనించుకుని ఇద్దరూ ఒకే మనిషిలా పాడుతుంటారు. ప్రభుకిరణ్‌ది కుడిచేతి వాటం. దగ్గరికి జరిగాడంటే అతని గిటారు మెడ పోయి తబిత భుజానికి గుచ్చుకుంటుంది. అందుకని ఇద్దరి మధ్యా మూరెడు చోటు వదలాలి.

ఆ మూరెడు చోటు అతన్ని నిద్రపోనిచ్చేది కాదు.

సుజిత్ రెండువేల ఇరవైలో, కరోనాలో పోయాడు. తబిత డ్యూటీలో ఉన్న వార్డులోనే. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక్కసారే చెప్పింది. ఆ వార్డంతా నిశ్శబ్దంగా ఉందట. ఆక్సిజన్ సీసాలో నీళ్ళు బుడబుడమనడం తప్ప ఏ చప్పుడూ లేదట. సుజిత్ పెదాలు కదులుతుంటే చెవి దగ్గర పెట్టి విందట. వాళ్ళిద్దరూ కట్టుకున్న రేవు పాట పాడుతున్నాడు. ఈమె మాస్కులోంచే గొంతు కలిపింది. పాట సగంలో ఆగింది. అంతే. ఆ పాట మళ్ళీ ఆమె పాడలేదు.

చచ్చినవాడి మీద ఏడుపేమిటని ప్రభుకిరణ్ తనని తానే తిట్టుకున్నాడు. తిట్టుకుంటూనే రెండేళ్ళు రాత్రింబవళ్ళు గిటారు సాధన చేశాడు. తీగలు నొక్కే ఎడమచేతి నాలుగు వేళ్ళ కొసలూ తెగి, పొక్కి, చివరికి కాయలు కాశాయి. ఆ కాయల్ని గర్వంగా ఆమెకి చూపించాడు. "అబ్బో," అని నవ్వి వంటింట్లోకి వెళ్ళిపోయింది. బతికున్నవాడైతే పోట్లాడి గెలవచ్చు. వీడితో ఎలా గెలవడం?

హత్తా కొండల్లో ఒక తోటలో ఆ రోజు ప్రోగ్రాం. ఏదో కంపెనీ వాళ్ళ కుటుంబాల విందు. దారిలో ఇసుక ఎర్రబడింది, తరవాత నల్లరాతి కొండలు మొదలయ్యాయి. కారులో సన్నగా శానిటైజర్ వాసన వేసింది.

"నువ్వు రాసుకున్నావా?" అన్నాడు.

"లేదే. మీరనుకున్నాను."

అతను అద్దం కిందికి దించాడు. వాసన పోలేదు. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు చిన్నగా నవ్వుకుంటోంది. ఆ నవ్వు చూశాక అతని నోరు ఆగలేదు.

"ఈ రోజు రేవు పాట పాడదాం."

ఆమె కళ్ళు తెరిచింది. "వద్దండీ. అది... అది వాడిది."

"నీ మొగుణ్ణి నేను. నాకు లేని పాట వాడికెందుకు?"

ఆమె ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ మాట ప్రభుకిరణ్ నోటికే చేదుగా తగిలింది గాని, వెనక్కి తీసుకోలేదు.

తోటకి చేరేసరికి పొద్దు గుంకుతోంది. సౌండ్ చూసే విల్సన్ ముందే వచ్చి మైకు నిలబెట్టాడు. యాభై దాటిన మనిషి. సుజిత్ రోజుల నుంచీ మైకు అతనిదే. ప్రభుకిరణ్‌ని పక్కకి పిలిచాడు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు తమ్ముడూ. పోయిన వారం అజ్మాన్‌లో రికార్డు చేశాను కదా. అందులో మూడో గొంతు ఎవరిది?"

"మూడో గొంతేంటన్నా?"

"మీ ఇద్దరి గొంతులూ నాకు తెలుసు. పైన సన్నగా ఇంకోటుంది." విల్సన్ ఇంకేమో అనబోయి, తబిత వైపు చూసి మైకు స్టాండు బిగించసాగాడు.

ప్రభుకిరణ్ స్టేజి ఎక్కాడు. చెక్కల మీద తెల్ల టేపు గుర్తులు. ఒకటి తబితది. ఒకటి తనది. మధ్యలో... ఇంకొకటి.

"ఇదెవరికి?" గుసగుసగా అడిగాడు.

"నేను రెండే అతికించానండీ." ఆమె కూడా గుసగుసగానే అంది. భయపడినట్టు లేదు. అదే అతన్ని మరీ మండించింది.

నాలుగు పాటలు బాగానే సాగాయి. పిల్లలు గెంతారు, పెద్దలు ప్లేట్లు పట్టుకుని తాళం వేశారు. కొండల వెనక వెలుతురు పూర్తిగా పోయింది. దీపాలు స్టేజి వరకే ఉన్నాయి, తోట అవతల అంతా నల్లగా ఉంది. అయిదో పాటకి ప్రభుకిరణ్ తలాడించాడు. ఆమె ఒక్క క్షణం ఆగి, మాండొలిన్ మీద రేవు పాట ఎత్తుకుంది.

*అవతలి రేవున దీపం పెట్టు, సగం దారిలో ఉన్నాను...*

చప్పట్లు ఆగాయి. పిల్లలు కూడా కదలడం మానేశారు. రెండో చరణం మొదట్లో తబిత ముందుకి వంగింది. మైకు వైపు కాదు. మధ్యలోకి. ఆ ఖాళీ వైపు తల వాల్చి, భుజం కాస్త పైకెత్తి... అచ్చం పాత వీడియోలో లాగా.

తన వైపు ఆమె ఒక్కసారి కూడా అలా వంగలేదు.

ప్రభుకిరణ్‌కి అసూయ పొంగుకొచ్చింది. ఇక ఆగలేకపోయాడు. గిటారు మెడ ఆమెకి గుచ్చుకుంటే గుచ్చుకోనీ అనుకున్నాడు. ఒక్క అడుగు వేసి ఆ మధ్య గుర్తు మీద నిలబడ్డాడు.

చల్లగా ఉంది.

హత్తాలో జనవరి చలి కాదు. ఆసుపత్రి ఏసీ చలి. ముక్కు నిండా శానిటైజర్ వాసన. చెవి పక్కనే ఏదో చప్పుడు... నీళ్ళు... బుడబుడ... బుడబుడ...

వెనక్కి జరగాలనుకున్నాడు. కాళ్ళు కదల్లేదు. నోరు తెరుచుకుంది. పాట వచ్చింది. సన్నగా, పైస్థాయిలో, అతనికి ఏనాడూ అందని స్వరం. రెండేళ్ళ సాధనలో ఒక్కసారి కూడా పలకని స్వరం.

తబిత భుజం అతని భుజానికి ఆనుకుంది. వెచ్చగా.

గిటారు మెడ ఆమెకి తగలాలి. తగల్లేదు.

తల దించి చూద్దామనుకున్నాడు. చూడలేకపోయాడు. ఎందుకంటే ఆమె తలెత్తి తనని చూస్తోంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ చూడనంత ప్రేమగా చూస్తోంది. కళ్ళ నిండా నీళ్ళు. సగంలో ఆగిన పాట... చివరిదాకా వెళ్ళింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. విల్సన్ కొట్టలేదు. అతను మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాడు. ప్రభుకిరణ్ సాయానికి వెళితే రెండడుగులు వెనక్కి వేశాడు.

"నేను చుట్టుకుంటాను... నువ్వెళ్ళు," అన్నాడు, ముఖంలోకి చూడకుండా. తమ్ముడూ అని పిలవలేదు.

స్టేజి మీద టేపు పీకుతూ తబిత కూనిరాగం తీస్తోంది. పీకినవి రెండే.

ఇద్దరూ తిరుగు దారి పట్టారు. కారు కొండలు దాటి ఇసుక మధ్యకి వచ్చింది. ప్రభుకిరణ్‌కి భయం పూర్తిగా పోలేదు. దాని కింద, చెప్పుకోడానికి సిగ్గుపడే సంతోషం ఒకటి కూడా ఉంది. గెలిచాను అనుకున్నాడు. ఆ చోటు ఇక నాదే అనుకున్నాడు.

తబిత మగతగా అతని భుజం మీదికి వాలింది. ఎప్పుడూ చేయని పని చేసింది. అతని కుడిచేతిని స్టీరింగు మీద నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో వేలి కొసనీ బొటనవేలితో నెమ్మదిగా రాసింది.

"ఎన్నాళ్ళయిందిరా," అంది, కళ్ళు తెరవకుండా.

భర్తని ఆమె ఏనాడూ మీరు తప్ప అనలేదు.

"తబితా... నేను..." అన్నాడు. తన పేరు చెప్పబోయాడు. ఆమె చెయ్యి బిగించి పట్టుకుంది. పేరు చెబితే ఆ చెయ్యి వదిలేస్తుందని అతనికి తెలుసు.

చెప్పలేదు.

"ఈ కాయలు ఇంకా అలాగే ఉన్నాయి," అంది ఆమె, అతని కుడిచేతి వేళ్ళు నిమురుతూ.

ప్రభుకిరణ్ స్టీరింగు మీదున్న ఎడమచేతి వేళ్ళ కొసల్ని మెల్లగా బొటనవేలికి రాసుకుని చూశాడు. నాలుగూ పసిపిల్లాడి వేళ్ళంత మెత్తగా ఉన్నాయి.