మడత విప్పని జెండా

హారియట్ లూమిస్ డిటెక్టివ్ ఆఫీసు ఆర్లింగ్టన్‌లో ఒక లాండ్రీ పైన ఉండేది. ఆ ఉదయం మెట్లెక్కి వచ్చినావిడ కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా పేరు నడీన్ హాల్డేన్. మా ఆయన కర్టిస్ గల్ఫ్‌లో మన అమెరికా ఎంబసీలో పనిచేసేవాడు. రెండు నెలల కిందట గేటు దగ్గర బాంబు పేల్చారు కదా, అందులో పోయాడు."

అసిస్టెంటు డెస్మండ్ నోట్‌బుక్ తీశాడు. తొమ్మిదేళ్ళుగా హారియట్ దగ్గరే ఉన్నా, ఆవిడ ప్రశ్నలు మొదలుపెడితే అతనికి ఇంకా పండగే.

పరాయి దేశంలో కొలువు చేస్తూ ఉగ్రవాదుల చేతిలో పోయినవాళ్ళ కుటుంబానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అది నడీన్‌కే వస్తుందని అందరూ అనుకున్నారు. అంతలో కర్టిస్ తమ్ముడు రసెల్ ఒక కాగితం తెచ్చాడు. మొత్తం తమ్ముడికే చెందాలని కర్టిస్ ఎంబసీ ఆఫీసులో కూర్చుని రాసిన కాగితం. తేదీ మార్చి 14. సాక్షులిద్దరూ అక్కడి గుమాస్తాలు, ఇద్దరూ అదే బాంబుకి పోయారు. ఒరిజినల్ ఆ ఆఫీసుతోపాటు కాలిపోయిందట. నకలు అన్నయ్యే పోస్టులో పంపాడట.

"డబ్బు సంగతి తర్వాత. ఆయన నన్ను కాదనుకున్నాడా లేదా, అది తేల్చండి," అంది నడీన్. "ఆయన పేరు చెక్కిన ఫలకం దగ్గర సభ పెడితే నేను వెళ్ళలేదు. పోయినవాళ్ళ కుటుంబానికి గౌరవంగా మడిచి ఇచ్చే జెండా కూడా రసెలే అందుకున్నాడు. ఇంట్లో పిల్లల్ని ఆయన పేరెత్తనివ్వడం లేదు."

"ఫోన్ చేసేవాడా?"

"ప్రతి శుక్రవారం, పిల్లలు స్కూలుకెళ్ళేముందు. ఆ రోజే ఆయనకి ఇంట్లో తీరిక. చొక్కాలు ఉతుక్కుంటూ మాట్లాడేవాడు."

హారియట్ గోడమీది క్యాలెండర్‌కేసి ఒకసారి చూసి, కేసు తీసుకుంటున్నానంది.

ఆ గురువారం మధ్యాహ్నం అందరూ పరిహారం చూసే అధికారి పెల్హమ్ గదిలో కూర్చున్నారు. రసెల్ నల్ల టై కట్టుకొచ్చాడు.

"రసెల్ గారూ, మీ అన్నయ్య దగ్గరికి ఎప్పుడైనా వెళ్ళారా?" అంది హారియట్.

"మన వర్జీనియా రాష్ట్రం దాటితే నాకు నిద్ర పట్టదండీ."

"మరి ఈ కాగితం గురించి ఎలా తెలిసింది?"

"ఆ రోజే ఫోన్ చేశాడు. ఆఫీసంతా హడావిడిగా ఉంది, గుమాస్తాలిద్దర్నీ పిలిచి సంతకాలు పెట్టించానన్నాడు. నాకది నిన్నగాక మొన్న జరిగినట్టే ఉంది."

"పెల్హమ్ గారూ, మార్చి 14 ఏ వారం?"

పెల్హమ్ డైరీ తిప్పాడు. "శుక్రవారం," అన్నాడు. తర్వాత అతని ముఖం కందిపోయింది. ఆ కాగితం నెలరోజులుగా అతని బల్లమీదే ఉంది మరి.

"మనకి శుక్రవారం పనిరోజు," అంది హారియట్. "అక్కడ సెలవు. ఆఫీసులకి తాళం. గుమాస్తాలు మసీదులో ఉంటారు. కర్టిస్ ఇంట్లో చొక్కాలు ఉతుక్కుంటూ భార్యతో మాట్లాడుతున్నాడు. అక్కడ ఒక్క వారం ఉన్నవాడెవడూ ఈ తేదీ వెయ్యడు. రసెల్ గారూ, సాక్షుల పేర్లు మీకు పేపర్లో దొరికాయి, మృతుల జాబితాలో. సంతకం అన్నయ్య ఉత్తరాల్లోంచి దించారు."

రసెల్ టై వదులు చేసుకున్నాడు. "నా షాపు మునిగిపోయింది, వదినా. నీకైతే ఉద్యోగం ఉంది కదా అని..."

"ఈ కాగితం చూసి నేనేడుస్తుంటే నా భుజం మీద చెయ్యి వేసింది నువ్వే," అంది నడీన్. "అన్నయ్య ఇలాంటివాడనుకోలేదు వదినా అన్నదీ నువ్వే. నా డబ్బు కొట్టేసినా ఇంత బాధపడేదాన్ని కాదు రసెల్. నెలరోజులు నా మొగుణ్ణి నాచేత తిట్టించావు. జెండా ఎక్కడ?"

"కారు డిక్కీలో."

డెస్మండ్ వెళ్ళి తెచ్చాడు. జాకీ కింద ఉందట. మూడు మూలలుగా పెట్టిన మడత ఇంకా విప్పలేదు, ఒక మూల నూనె మరక. నడీన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని మరకని వేలితో రుద్దసాగింది.

"రేపు శుక్రవారం కదా," అంది చివరికి. "పిల్లలు స్కూలుకెళ్ళేముందు వాళ్ళ నాన్న గురించి చెప్తాను."