ఒక రత్నం నొప్పి

"మీ కుడి మోకాలు నూటికి నూరుపాళ్ళు ఆరోగ్యంగా ఉంది. అభినందనలు!" అంది పరీక్షాయంత్రం.

నూకరత్నం పళ్ళు నూరింది. ఆ యంత్రం గొంతులోని సంబరం వింటుంటే దాని అద్దం బద్దలుకొట్టాలనిపించింది.

"అంత బాగుంటే మెట్లు దిగినప్పుడల్లా ప్రాణం ఎందుకు పోతంది?"

"మెట్లలో లోపం ఉండవచ్చు. నిర్వహణ విభాగానికి తెలియజేయమంటారా?"

రత్నం బల్ల మీంచి దిగింది. దిగేటప్పుడు మోకాలి లోపల ఎవరో ఇనుప చువ్వ పెట్టి తిప్పినట్టయింది. యంత్రం తెర మీద మాత్రం ఆమె మోకాలు అప్పుడే అచ్చులోంచి తీసిన బొమ్మలా, మచ్చలేకుండా మెరుస్తోంది.

అది ఎముక విరిగితే ఎవరూ కంగారుపడని కాలం. విశాఖ తీరం వెంట ఉన్న పాత రోడ్డు సముద్రంలో కలిసిపోయి ఒక తరం గడిచింది. దానికంటే ముందే బయోజెల్ వచ్చింది. జనం దాన్ని కణజిగురు అనేవారు. విరిగినచోట, తెగినచోట సూదితో ఎక్కిస్తే, పేషెంటు సొంత కణాల్నే కూలీలుగా పెట్టుకుని వారం తిరక్కుండా ఎముకనైనా కండనైనా అతికేసేది. తాతల కాలంలో కాలు విరిగితే ఆరు నెలలు మంచం మీద ఉండేవారని చెబితే పిల్లలు కథనుకునేవారు.

కణజిగురు వచ్చాక బాగా పెరిగిన ఆట లీగ్ రగ్బీ. జట్టుకు పదమూడు మంది కాబట్టి మనవాళ్ళు దాన్ని పదముగ్గురాట అన్నారు. బంతి పట్టుకున్నవాళ్ళు ఎదుటి జట్టు గోడలోకి దూసుకుపోవాలి. వాళ్ళు పట్టి కిందపడేస్తే లేచి మళ్ళీ దూసుకుపోవాలి. ఆరుసార్లు పడేలోగా బంతిని గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై. లేకపోతే బంతి అవతలివాళ్ళది. కూతపెట్టి కూతలోనే చచ్చిపోయే కబడ్డీ పుట్టిన నేలకి ఈ ఆట నచ్చకపోతే ఆశ్చర్యం గానీ, నచ్చితే ఏముంది?

గొర్లె నూకరత్నం రణస్థలం పిల్ల. విశాఖ జట్టులో ముందు వరుస మనిషి. ఆట మొదలవగానే మొదటి బంతి అందుకుని మొదటి దెబ్బ తినడం ఆమె పని. ముగ్గురు మనుషులు నడుముకీ మెడకీ వేలాడుతుంటే వాళ్ళని ఈడ్చుకుంటూ ఇంకో రెండడుగులు వేయడంలో ఆమెకున్న ఆనందం చెప్పినా ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ రెండడుగుల కోసమే ఆమె బతికింది. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టి ముప్పయ్యో ఏడు వచ్చేసరికి దవడ, పక్కటెముకలు, రెండు భుజాలు, కుడి మోకాలు ఒకటికి నాలుగుసార్లు విరిగాయి. విరిగిన ప్రతిసారీ సూది, వారం విశ్రాంతి, మళ్ళీ మైదానం.

అతికింది సరే. నొప్పి మాత్రం పోలేదు. ఆ సంగతి ఎవరికి చెప్పినా నమ్మలేదు.

"మిషన్ బాగుందంటోంది, నువ్వు లేదంటున్నావు. నేనెవర్ని నమ్మాలమ్మా?" అన్నాడు కోచ్ దాట్ల వర్మ. భీమవరం వైపు మనిషి. మాట మెత్తగానే ఉంటుంది.

"నన్ను."

"నిన్ను చూస్తే జాలేస్తోంది. కానీ జాలితో జట్టు కట్టలేను కదా! నెలాఖరుకి ఫైనల్ పెట్టుకుని ఒక్క సీజన్ సెలవంటావేంటి? ఆటగాళ్ళకి అప్పుడప్పుడూ మనసు మొరాయిస్తుంది. అంతేనమ్మా, మోకాలు కాదు."

రత్నానికి విసుగొచ్చి ఏడుపు కూడా రాలేదు. విరిగిన ఎముకకి సాక్ష్యం ఉంది, విరగని నొప్పికి లేదు. తాతల కాలంలో పుట్టి ఉంటే కనీసం కట్టు చూసైనా కూర్చోనిచ్చేవారు.

ఆమె మాట నమ్మినది డాక్టర్ మెహరున్నీసా ఒక్కతే. నాడీశాస్త్రవేత్త. నలభై దాటిన సన్నటి మనిషి. ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వినే అలవాటున్నందుకు తోటి డాక్టర్లలో వింతమనిషిగా పేరుపడింది.

"ఎముక అతుక్కుంది రత్నం, నరం మర్చిపోలేదు," అందామె. "నాలుగుసార్లు దెబ్బ తిన్న దారి అది. ఇప్పుడు గాలి తగిలినా మెదడుకి గాయమనే కబురు పంపుతుంది. యంత్రం కండని ఫొటో తీస్తుంది. కబుర్ని తీయలేదు."

"మరి కబురందిన ముక్క ఎవరు నమ్ముతారు డాక్టరమ్మా?"

మెహరున్నీసా బీరువాలోంచి రెండు వెండిరంగు పట్టీలు తీసి బల్లమీద పెట్టింది. దానికి ఆమె పెట్టుకున్న పేరు బాధావాహిని. ఒకటి దాత పట్టీ. మెడ వెనక కట్టుకుంటే వెన్నుపాములోంచి మెదడుకి ఎక్కే నొప్పి సంకేతాల్ని చదువుతుంది. రెండోది గ్రహీత పట్టీ. అవే సంకేతాల్ని సూక్ష్మమైన అల్ట్రాసౌండ్ తరంగాలుగా మార్చి, కట్టుకున్నవాళ్ళ మెదడులో అదే చోట అదే తీరున పుట్టిస్తుంది. గ్రహీత ఒంటికి గాటు పడదు. నొప్పి మాత్రం తెలుస్తుంది.

"మనుషులు చెడ్డవాళ్ళు కారు," అంది మెహరున్నీసా. ఆ మాట అనేటప్పుడు ఆమె కళ్ళు చిన్నపిల్ల కళ్ళలా ఉన్నాయి. "వాళ్ళకి తెలియదు, అంతే. తెలిస్తే చాలు."

వర్మ నవ్వుతూనే వచ్చి కూర్చున్నాడు. నవ్వుతూనే పట్టీ కట్టించుకున్నాడు. రత్నం దాత పట్టీ కట్టుకుని, గదిలో ఉన్న చిన్న పీట ఎక్కి, కుడికాలు మీద బరువు మోపి కిందికి దిగింది.

"అమ్మా!" అని అరిచి వర్మ కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. తన మోకాలు తనే రెండు చేతులా పట్టుకుని నేలమీద ముడుచుకుపోయాడు. మెహరున్నీసా పట్టీ విప్పాక కూడా చాలాసేపు లేవలేదు. నుదుటి నిండా చెమట, కళ్ళనిండా నీళ్ళు. చివరికి లేచి నిలబడి రత్నానికి చేతులు జోడించాడు.

"క్షమించమ్మా. పాపాత్ముణ్ణి. ఇన్నాళ్ళూ నిన్ను..."

రత్నం వెక్కివెక్కి ఏడ్చింది. దవడ విరిగినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఒక మనిషికి తెలిసింది, చాలు. దించలేక మోస్తున్న బరువు కింద ఇంకో చెయ్యి పడినట్టయింది.

వర్మ మొహం తుడుచుకున్నాడు. మంచినీళ్ళు తాగాడు. గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి హఠాత్తుగా ఆగాడు.

"ఇంత నొప్పితోనా పోయిన వారం రాయపూర్ మీద రెండు ట్రైలు కొట్టావు?"

"అవును సార్."

"ఇంత నొప్పితో!" అతని కళ్ళు మెరిశాయి. "దేవుడా, నేనింకా నీ వల్ల కావట్లేదేమో అనుకున్నానమ్మా! ఇంత నొప్పిలో అంత ఆట ఆడినదానివి, ఫైనల్ ఆడలేవా? నువ్వు ఏమైనా చెయ్యగలవు!"

మెహరున్నీసా చేతిలోని పట్టీ కింద పడింది.

రత్నం ఫైనల్ ఆడింది. విశాఖ గెలిచింది. విలేకరుల ముందు వర్మ కన్నీళ్ళు పెట్టుకుని తనకి తెలిసిన నొప్పి గురించి చెప్పాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. దేశమంతా రత్నానికి దండం పెట్టింది. ఆ తర్వాత లీగ్‌లో ప్రతి జట్టూ బాధావాహిని కొనుక్కుంది.

నొప్పిని చేరవేసే సాధనం వచ్చాక దాన్ని తూచడానికి రాయి కావాలి కదా. రత్నం పీట దిగినప్పటి నొప్పి యంత్రంలో నమోదై ఉండనే ఉంది. దాన్నే ప్రమాణం చేసి, 'ఒక రత్నం' అన్నారు. జట్టుకొకరిని గ్రహీతగా పెట్టారు. వాళ్ళు ముందు రత్నం నొప్పిని రుచి చూసి, తర్వాత ఆటగత్తె నొప్పిని రుచి చూసి, అది ఎంతో చెప్పాలి. ఒక రత్నం దాటితే విశ్రాంతి. దాటకపోతే మైదానం. యంత్రం మోసుకొస్తుంది, తూచేది మాత్రం మనిషే.

మైదానంలో మొదలైనది మైదానంలో ఆగలేదు. రణస్థలం నుంచి వదిన ఫోను చేసి తిట్టింది.

"ఏటే రత్నాలూ, నడుం నొప్పి, సెలవిమ్మంటే ఆపీసోళ్ళు పట్టీ కట్టేరు. పావు రత్నమేనట. పో పో, పనిసేసుకో అన్నారు. అంత నొప్పి భరించమని నిన్నెవులు సెప్పేరే? నీ పుణ్యమాని మా సెలవులు పోనాయి!"

రత్నం మెహరున్నీసా దగ్గరికి పరిగెత్తింది. "నా పేరు తీసేయించండి డాక్టరమ్మా. రత్నమంటే మా నాన్న ముద్దుగా పెట్టుకున్నాడు. నొప్పికి తూకంరాయి చేసేసినారు."

"నా మాట ఎవరు వింటున్నారు?" అంది మెహరున్నీసా నీరసంగా. "తెలియనప్పుడు అనుమానించేవారు. తెలిశాక బేరమాడుతున్నారు."

రత్నం ఇంకా కొన్ని సీజన్లు లాగింది. చివరికి చెయ్యి భుజం పైకి లేవడం మానేసింది కాబట్టి ఆట మానేసింది. సన్మానాలయ్యాయి. ఇక ఇంటికి పోదామనుకుంటుండగా ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. గ్రహీతలుగా కూర్చుంటున్నదెవరు? ఒక్క దెబ్బ తినని ఆఫీసు మనుషులు. వాళ్ళకేం తెలుసు? ఆ కుర్చీలో నొప్పి తెలిసిన మనిషి కూర్చుంటే ఏ పిల్లకీ అన్యాయం జరగదు.

విశాఖ జట్టు ఆమెని ఆ కుర్చీలో కూర్చోబెట్టి నెత్తిన పెట్టుకుంది. ప్రమాణం నొప్పిని రుచి చూడాల్సిన అవసరం కూడా ఆమెకి లేకపోయింది. అది ఆమె ఒంట్లోనే ఉంది. ఆ ఏడాది విశాఖ జట్టులో విశ్రాంతి తీసుకున్నవాళ్ళు బాగా తగ్గారు. రత్నం కళ్ళు కప్పడం ఎవరితరమూ కాదన్నారు. ఆ మాట ఆమెకి నచ్చింది కూడా.

కటక్‌తో సెమీఫైనల్ విరామంలో బిడ్డిక చిలకమ్మ కుంటుకుంటూ లోపలికొచ్చింది. సీతంపేట కొండల పిల్ల. ముందు వరుసలో రత్నం ఖాళీ చేసిన చోటే ఆమెది. రత్నాన్ని అక్కలా చూసుకుని అప్ప అని పిలుస్తుంది.

"అప్పా, మోకాలి లోపల ఏదో తెగుతున్నట్టుంది. ఈ పూట నావల్ల కాదు."

"కూకో. సూద్దాం," అంటూ రత్నం పట్టీలు తీసింది.

నొప్పి వచ్చింది. రత్నం కళ్ళు మూసుకుని దాన్ని లోపలికి రానిచ్చింది. ఎప్పట్నుంచో ఎరిగిన చుట్టంలా వచ్చింది. పొద్దున్నే మంచం దిగి కాఫీ పెట్టుకునేటప్పుడు ఆమెతోపాటు నడిచే నొప్పి ఇదే. వానాకాలంలో ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. దీంతో తాను ఎన్ని మ్యాచ్‌లు ఆడలేదు! కళ్ళు తెరిచేసరికి ఆమె పెదవుల మీద చిన్న నవ్వు కూడా ఉంది.

"అర రత్నం నేదే గుంటా. ఎల్లు, ఆడు."

అప్ప మాటకి పైమాట ఏముంటుంది? చిలకమ్మ బూటు తాడు బిగించుకుని వెళ్ళింది.

రెండో సగం మొదలైన కాసేపటికే ఆమె బంతి అందుకుని దూసుకుపోయింది. ఇద్దరు పట్టుకున్నారు. అందులో తప్పుపట్టు ఏమీ లేదు, నియమం ప్రకారమే పట్టుకున్నారు. ఎండుకర్ర విరిగిన చప్పుడు బెంచీల దాకా వినిపించింది. చిలకమ్మ పడిపోయింది. మోకాలి కిందిభాగం ఉండకూడని వైపుకి తిరిగి ఉంది.

రత్నం పరిగెత్తలేని కాళ్ళతో పరిగెత్తింది. ఎదురొచ్చిన మెహరున్నీసా చెయ్యి పట్టుకుని, "పట్టీ పాడైపోనాది డాక్టరమ్మా! పిల్ల నొప్పి నాకు పూర్తిగా చేరలేదు!" అంది.

మెహరున్నీసా పట్టీలు తీసుకుని లెక్కలు చూసింది. "పట్టీ బాగానే ఉంది. మొత్తం చేరింది," అంది నెమ్మదిగా. "కొత్తవాడు కట్టుకుని ఉంటే కుర్చీలోంచి పడిపోయేవాడు."

స్ట్రెచర్ వాళ్ళ ముందు ఆగింది. కణజిగురు సూది సిద్ధంగా ఉంది. వారంలో కాలు అతుక్కుంటుంది. యంత్రం అభినందనలు కూడా చెబుతుంది. చిలకమ్మ మొహం పాలిపోయింది, పెదవి కొరికినచోట రక్తం. ఆమె చెయ్యి చాచి రత్నం మణికట్టు పట్టుకుంది. ఆ గొంతులో కోపం లేదు, అదే రత్నం భరించలేకపోయింది.

"అప్పా, పట్టీ కట్టుకున్నావు కదా. నా నొప్పి నీకు తెలిసింది కదా?"

తెలియలేదని చెప్పడానికి రత్నానికి దారి లేదు. ఇన్నాళ్ళూ లోకంలో అందరికీ దొరికిన ఆ ఒక్క సాకూ ఆమెకి మిగల్లేదు.

"తెలిసింది," అంది.

చిలకమ్మ ఆమె చెయ్యి వదిలేసి, మొహం అటు తిప్పుకుంది.