అయిదడుగుల మర్యాద

"ఫిల్మ్ నిజమైనదే," అన్నాడు చీఫ్ సర్ గాడ్‌ఫ్రీ, పైపు వెలిగిస్తూ. "నకిలీది ఇస్తే ఆ విదేశీ ముఠావాళ్లు పసిగట్టేస్తారు. జలాంతర్గామి రాడార్ డిజైన్ మొత్తం మన రోవేనా గోల్ఫ్ బంతిలో ఉంది. ఇవాళ ఆటలో వాళ్ల మనిషి ఎగాన్ స్ట్రాల్ దాన్ని తీసుకుంటాడు. ఎక్కడ, ఎలా అన్నది ఆమెకీ ముందుగా తెలీదు. చేతులు మారడం నువ్వు కళ్లారా చూస్తేనే వాణ్ని పట్టుకోగలం. తప్పితే సాయంత్రానికి ఫిల్మ్ దేశం దాటుతుంది."

"ఆమె నాకు సైగ చెయ్యొచ్చుగా?" అన్నాడు ఏజెంట్ ట్రాంటర్.

"వాడికి అనుమానమొస్తే ఆమె ప్రాణం పోతుంది." చీఫ్ పైపు పక్కన పెట్టాడు. "ఒకవేళ నిజంగానే వాళ్ల మనిషయిపోయిందేమో, అదీ నువ్వే చూడాలి."

ఆ చివరి మాట ట్రాంటర్ గుండెలో గుచ్చుకుంది. డబుల్ ఏజెంట్‌గా రోవేనా ఆ విదేశీ ముఠాలో చేరినప్పటి నుంచీ అతనికి కంటిమీద కునుకు లేదు.

నెరిసిన మీసం అంటించుకుని, మాసిన టోపీ పెట్టుకుని, స్ట్రాల్ బ్యాగు మోసే క్యాడీగా సర్రే గోల్ఫ్ మైదానంలో దిగాడు. బ్యాగు అడుగున ట్రాన్స్‌మిటర్ ఉంది. "వాన పడేలా ఉంది" అంటే చాలు, క్లబ్‌హౌస్ దగ్గర కాపు కాసిన మనుషులు కదులుతారు.

ఆగస్టు కావడంతో హెదర్ పొదలు ఊదారంగులో విరగబూశాయి. వాటిని చూసే ఓపిక ట్రాంటర్‌కి ఎక్కడిది! పొదలో పడిన రోవేనా బంతి కోసం స్ట్రాల్ మోకాళ్ల మీద వెతికాడు. గాలి వీస్తే తన స్వెటరు ఆమె భుజాల మీద కప్పాడు. వాడి ప్రతి చచ్చు జోకుకీ ఆమె పడీపడీ నవ్వింది. ట్రాంటర్ జోకులకి ఏనాడైనా అలా నవ్విందా? చేతులు చూడాల్సిన పెద్దమనిషి మొహాలు చూస్తూ కూర్చున్నాడు.

చివరి గుంతవైపు నడుస్తూ స్ట్రాల్ ఆమె చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తలూపింది.

ఆట సమంగా ఉంది. రోవేనా కొట్టిన బంతి గుంతకు అయిదడుగుల ఇవతలే ఆగిపోయింది.

"ఇంక కొట్టక్కర్లేదు, పడినట్టే," అన్నాడు స్ట్రాల్. వంగి ఆమె బంతి తీసి, జేబులో రుమాలు సవరించుకుని, బంతి ఆమె చేతికందించాడు.

ట్రాంటర్‌కి ఒళ్లు మండింది. బంతి గుంతకు జానెడు దూరంలో ఉంటే ఎదుటివాడు అలా వదిలేసి చేతికందించడం మర్యాదే. కానీ సమంగా ఉన్న ఆటలో, చివరి గుంత దగ్గర, అయిదడుగులు ఎవడు వదులుతాడు? పీకల్దాకా ప్రేమలో మునిగినవాడు తప్ప! తను మూడేళ్లు ఆమెతో ఆడాడు, జానెడు కూడా వదల్లేదు. వాడి వేళ్లు ఆమె వేళ్లని తాకాయేమోనని గుడ్లు మిటకరించి చూశాడు.

తాకలేదు. కానీ ఆమె అరచేతిలోని బంతి తళతళలాడుతోంది. వాడు నేలమీంచి తీసినదానికి పొదల మట్టి అంటి ఉంది.

స్ట్రాల్ తన బంతిని నిర్లక్ష్యంగా తోసి, ఆట ఓడి, చకచకా కారువైపు నడిచాడు. ఇంజన్ అప్పటికే స్టార్ట్ చేసి ఉంది.

"వాన పడేలా ఉంది సార్," అన్నాడు ట్రాంటర్ బ్యాగు మీదికి వంగి.

స్ట్రాల్ తలెత్తి చూశాడు. "ఎండ కాస్తోందిగా?"

కారు తలుపు మీద వేసిన చెయ్యిని కాపు కాసిన మనుషులు అక్కడే పట్టుకున్నారు. జేబులో మట్టి బంతి, బంతిలో ఫిల్మ్.

"చివరి గుంత దగ్గర నా ఆఖరి దెబ్బ వదిలేసి బంతి తీసుకుంటానని చెవిలో చెప్పాడు," అంది రోవేనా, ట్రాంటర్ మీసం పీకేస్తూ. "అందుకే నీ కంట పడాలని, కావాలనే దూరంగా ఆపాను. ఆట పుస్తకాల్లో నేర్చుకున్నాడు పాపం, అంత దూరం ఇక్కడెవరూ వదలరని తెలీదు."

"నేను గమనించకపోయుంటే?"

"నా దగ్గరికొచ్చిన మగాడి చెయ్యి నువ్వు చూడకుండా ఉంటావా? శాఖ ఇచ్చిన యంత్రాలు మొరాయిస్తాయేమోగానీ, నీ కుళ్లు మొరాయించదు ట్రాంటర్."

చీఫ్ అడిగినప్పుడు మాత్రం ట్రాంటర్ గొంతు సవరించుకుని, అంతా శిక్షణ మహిమేనన్నాడు.