కెమెరాకి చిక్కని మనిషి

ఏమోయ్ అల్లుడూ, గోడకి జారబడ్డావు, నిద్రకి ఏర్పాట్లా? పోయినసారి డిటెక్టివ్ కథ మొదలెట్టగానే రెండో పేజీలోనే దొంగని పట్టేస్తానని మీసం మెలేశావు. ఉన్న నాలుగు వెంట్రుకలకి అంత శ్రమ ఎందుకులే అని నేనేమీ అనలేదు. ఈసారి కత్తి లేదు, విషం లేదు, హంతకుడూ లేడు. ఆధారాలన్నీ నీ ముందే పరుస్తాను. చేతనైతే పట్టుకో.

ఆ డిటెక్టివ్‌ని అందరూ భూతద్దం అనేవారు. ఆయన దగ్గర భూతద్దం ఉండేది కాదు. ఎదుటివాడి చొక్కాకి ఏ గుండీ కొత్తగా కుట్టారో గుమ్మంలోంచే చెప్పే ఆ చూపుకి పెట్టిన పేరది. అసిస్టెంటు సోడాబుడ్డి. బట్టల కొట్టులో ముప్పై ఏళ్ళు మీటర్లు కొలిచి, కళ్ళజోడు సీసా అడుగంత మందం అయ్యాక ఇక్కడ చేరాడు. భూతద్దం తుమ్మినా అందులో ఏదో తెలివి ఉండే ఉంటుందని నమ్మే మనిషి.

వాన ముసురు పట్టిన ఒక ఉదయం ఒకావిడ ఆఫీసుకి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని, చేతిలోని కవరు బల్ల మీద పెట్టకుండా అలాగే పట్టుకుంది.

"మా ఆయన్ని వెతికిపెట్టాలండి."

"ఎప్పట్నుంచి కనపడటం లేదు?"

"ఏడాదిన్నర అయింది." ఆవిడ కవరు వైపు చూసింది. "కానీ కనపడుతూనే ఉన్నారు. అదే భయంగా ఉంది."

కవరులో నాలుగు ఫోటోలున్నాయి. నాలుగింటిలోనూ ఒకే దృశ్యం. కొండమీద ఇరుకైన కాలిబాట, తెల్లవారుజామున మసక వెలుతురు, తలమీదికి టోపీ లాక్కున్న పసుపుపచ్చ రెయిన్‌కోటులో ఒక మనిషి. ముఖం ఏ ఒక్కదానిలోనూ లేదు.

ఆవిడ చెప్పిన సంగతి ఇది. భర్త కొండమీద మొక్కల నర్సరీ చూసుకునేవాడు. లేత మొక్కల్ని ఏదో జంతువు వేళ్ళతో సహా తినేస్తుంటే, అది ఏమిటో చూద్దామని బాట పక్కన చెట్టుకి అడవి కెమెరా కట్టారు. వెచ్చని ప్రాణి ఏది ముందుకొచ్చినా అది తనంతట తనే ఫోటో తీస్తుంది. సెల్స్ మార్చాక మాత్రం పావుగంట దాకా మేలుకోదు. కానీ దానికి ఆకలెక్కువ. ఎనిమిది పెన్సిల్ సెల్స్ వేస్తే మూడు వారాలకే చప్పబడిపోయేది. మూడు వారాలకోసారి ఎవరో ఒకరు కొండెక్కాలి. ఏడాదిన్నర క్రితం ఒక వానరోజున సెల్స్ మార్చడానికి వెళ్ళిన భర్త తిరిగి రాలేదు. బాట చివర లోయ. అంచున ఒక చెప్పు దొరికింది, మనిషి దొరకలేదు.

"ఆయన వస్తే ఆ దారినే రావాలని మామయ్య నమ్మకం. కెమెరా ఒక్కరోజు కూడా ఆగకూడదన్నారు. అప్పుడు మా మరిది పెద్ద బ్యాటరీతో సొంతంగా ఒక పెట్టె చేశాడు. నాలుగైదు నెలలు ఆడుతుంది. అప్పట్నుంచి నాలుగు నెలలకో, ఐదు నెలలకో ఒకసారి ఈయన పడుతున్నారు."

"మీ మామగారేమంటారు?"

"అనడానికేముంది. రోజూ తెల్లవారగానే ఆ చెట్టు కిందికి వెళ్ళి సాయంత్రం దాకా కూర్చుంటారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఇంకో వానాకాలం ఇలాగే తడిస్తే మనిషి దక్కడని డాక్టరు తేల్చేశాడు. మీరు ఏది కనిపెట్టినా సరే, మా ఇంట్లో అందరి ముందూ చెప్పాలండి."

ఆవిడ వెళ్ళాక సోడాబుడ్డి ఫోటోలని ముక్కుకి ఆనించుకుని చూశాడు. "మనిషి బతికే ఉన్నాడు సార్. పెళ్ళాం మీద అలిగి ఉంటాడు."

"ఏడాదిన్నర అలిగి, నాలుగు నెలలకోసారి పోజిచ్చి వెళ్తాడా?"

"కొందరి అలక అంతే సార్. మా తోడల్లుడు..."

"గొడుగు తీసుకో," అన్నాడు భూతద్దం.

కొండమీద ఆ పెద్దాయన గోనెపట్టా కప్పుకుని చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. లారీ నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ కనురెప్ప వెయ్యకుండా దారినే చూస్తున్నాడు.

"డిటెక్టివా? మా కోడలు చెప్పింది. చూసుకో బాబూ. నా కొడుకు అడుగులు మాత్రం తొక్కకు, ఈ దారినే వస్తాడు." దగ్గు ఆగాక అడిగాడు, "నీ పక్కనున్నాయనకి దారి కనపడుతోందా?"

"దారి కనపడుతోందండి. మీరే కొంచెం మసగ్గా ఉన్నారు," అన్నాడు సోడాబుడ్డి.

భూతద్దం చెట్టు చుట్టూ తిరగబోయి ఆగాడు. చెట్టు వెనక జానెడు నేల ఉంది, ఆ తర్వాత లోయ. చెట్టు దగ్గరికి రావాలంటే కెమెరా ముందునుంచి రావలసిందే. కెమెరా కింద నుంచి నల్ల వైరు దిగి, ఒక వంపు తిరిగి, రాళ్ళ మధ్య ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి పోతోంది. వైరు పట్టుకుని వాననీళ్ళు డబ్బాలోకి జారకుండా ఆ వంపు. కన్నం చుట్టూ కొవ్వొత్తి మైనం పోశారు. లోపల స్కూటర్ బ్యాటరీ, దాని మీద సన్నటి ఫ్యూజు. చేసినవాడికి పని వచ్చు.

మరిది షాపు ఇంటికి ఆనుకునే ఉంది. ఇన్వర్టర్లు, స్కూటర్ బ్యాటరీలు, యాసిడ్ వాసన. గోడలూ, బల్లా, గుడ్డలూ అన్నీ నల్లగా ఉన్నాయి. మేకుకి ఒక పసుపుపచ్చ రెయిన్‌కోటు మాత్రం శుభ్రంగా వేలాడుతోంది.

"అన్నయ్యకీ నాకూ ఒకేలాంటివి కొన్నాం," అన్నాడు మరిది, అడక్కుండానే.

"పెట్టె మంచి పనితనం. ఎంత సేపు పట్టింది?"

"రెండు గంటలు." అతను చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బ్యాటరీ ఎవరు మారుస్తారు?"

"నేనే. ఇంకెవరికీ తెలీదు కదండీ."

"ఇప్పటికి ఎన్నిసార్లు మార్చావు?"

"నాలుగు."

ఆ రాత్రి పొద్దుపోయేదాకా ఇద్దరూ ఆఫీసులో కూర్చుని, కెమెరా ఏడాదిన్నరగా తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్‌లో చూశారు. ప్రతి ఫోటో కింద సన్నటి పట్టీలో తేదీ, సమయం, బ్యాటరీ ఎంత మిగిలిందో చూపే గుర్తు ఉన్నాయి. సోడాబుడ్డి కాగితం మీద గీతలు పెట్టాడు.

"ముళ్ళపంది రెండొందల పదకొండు. మొక్కలు తినేది అదే సార్, ఒక కేసు తేలిపోయింది. పెద్దాయన నాలుగొందల పైచిలుకు. కెమెరాలోంచి ఫోటోల కార్డు తీసుకోవడానికి వచ్చే కోడలు ముప్పై ఆరు. కనపడకుండా పోయినాయన నాలుగు. ఒక కుక్క, దారి తప్పిందేమో, ఒకటి."

"ఇంకెవరు?"

"ఎవరూ లేరు సార్."

భూతద్దం కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో ఎప్పుడూ వచ్చే సంతోషం ఈసారి రాలేదు. "ఎవరూ లేరా," అన్నాడు మెల్లగా. "రేపు వాళ్ళింటికి వెళ్దాం."

మర్నాడు ముందుగదిలో అందరూ కూర్చున్నారు. పెద్దాయన మంచం మీద, మరిది గుమ్మం దగ్గర పీట మీద, ఆవిడ కిటికీ పక్కన నిలబడి. గోడకి ఆ నాలుగు ఫోటోలూ అంటించి ఉన్నాయి.

"ఈ ఫోటోల్లో ఎవరున్నారని అందరూ చూశారు," అన్నాడు భూతద్దం. "ఎవరు లేరని చూడలేదు. ఆ కెమెరా ముందునుంచి తప్ప చెట్టు దగ్గరికి దారి లేదు. మొక్కల్ని తినే ముళ్ళపంది పడింది, పెద్దాయన పడ్డారు, కోడలు పడింది. నాలుగుసార్లు వెళ్ళి బ్యాటరీ మార్చిన మనిషి మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. ఇప్పుడు పట్టీలో గుర్తు చూడండి. కోటు మనిషి వచ్చిన నాలుగుసార్లూ బ్యాటరీ అడుగంటి ఉంది. దాని తర్వాతి ఫోటోలో నిండుగా ఉంది. మధ్యలో ఇంకెవరూ రాలేదు."

పెద్దాయన గోడమీది ఫోటోల వైపు తల తిప్పాడు.

"పనివాడు రాళ్ళ మధ్య పెట్టె సర్దుతాడు, వైరు చూస్తాడు, ఫ్యూజు చూస్తాడు. తనూ ఆ దారిన నడిచే మనిషేనని లెక్కేసుకోడు. ఆ కోటు షాపులో మేకుకి ఉంది. బాబూ, మిగతాది నువ్వే చెప్పు."

మరిది తల ఎత్తలేదు.

"కావాలని చెయ్యలేదండి. మొదటిసారి వాన పడుతోందని వేసుకెళ్ళాను. వదిన కార్డు తెచ్చి చూపిస్తే నాన్న 'పెద్దోడు' అన్నాడు. అన్నయ్య పోయాక నాన్న అన్నం అడిగి తిన్నది ఆ రోజే. నేనేనని ఎలా చెప్పను? రెండోసారి వాన లేకపోయినా వేసుకెళ్ళాను."

"అంతేనా?"

"సెల్స్ మార్చే వంతు ఆ రోజు నాది. షాపులో పనుంది, నువ్వెళ్ళు అన్నయ్యా అన్నాను. ఆ పెట్టె రెండు గంటల పనండి. చెయ్యరా, మూడు వారాలకోసారి కొండెక్కలేకపోతున్నాం అని వాడు ఆరు నెలలు అడిగాడు. రేపు చేస్తా, రేపు చేస్తా అన్నాను. వాడు పోయిన పదో రోజున చేశాను."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. పెద్దాయన దగ్గుతూ లేచి కూర్చున్నాడు.

"ఒరేయ్ చిన్నోడా. మీ ఇద్దరికీ నడక నేర్పింది నేను. మొదటి రోజు నమ్మాను, అబద్ధం ఎందుకు. రెండో ఫోటోకి నువ్వని తెలిసింది."

"మరి రోజూ పైకెళ్ళి ఎందుకు కూర్చుంటున్నావు నాన్నా?"

"బ్యాటరీ ఏ రోజు మారుస్తావో నువ్వు చెప్పవు. చీకట్లో వెళ్తావు. పొద్దున్నే వెళ్ళి బురదలో అడుగులు చూసేవాణ్ణి. ఎక్కిన అడుగులున్నాయా, దిగిన అడుగులూ ఉన్నాయా అని. అవి చూశాక కూడా ఇంటికి రాబుద్ధయ్యేది కాదు. అన్న కాలు జారిన చోటే నువ్వు ఏం చేసుకుంటావోనని. నీ ముఖం నాకు తెలీదూ?"

మరిది పీట మీంచి లేచి షాపులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ ఏదో ఇనప వస్తువు కింద పెట్టిన చప్పుడయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పెద్దాయన ఆ గుమ్మం వైపే చూస్తూ ఉండిపోయాడు, కొండమీద దారిని చూసినట్టే. ఇక కొండెక్కాల్సిన పని ఆయనకి లేదు. లేచి నిలబడే ఓపిక కూడా ఉన్నట్టు కనిపించలేదు.

మెట్లు దిగుతూ సోడాబుడ్డి గుసగుసగా అన్నాడు. "మీరు అసాధ్యులు సార్. లేని మనిషిని పట్టుకున్నారు."

వెనక నుంచి ఆవిడ వచ్చింది. మర్చిపోయిన గొడుగు అందించింది.

"క్షమించమ్మా," అన్నాడు భూతద్దం. "నువ్వు ఆశతో వచ్చావు. నేను అది తీసేశాను."

"మీరేం తీసెయ్యలేదండి. మీరు బ్యాటరీ గుర్తులు లెక్కపెట్టి కనిపెట్టారు. నేను తొమ్మిదేళ్ళు మా ఆయన వెనక నడిచాను. మొదటి ఫోటో చూసిన రోజే అది ఆయన కాదని నాకు తెలుసు."

భూతద్దం గొడుగు తెరవబోయి ఆగాడు. "తెలిసీ నన్నెందుకు పిలిచావు?"

"ఆయన పోయారని ఆ ఇంట్లో ఎవరో ఒకరు అనాలి కదండీ. మామయ్య అనరు. మరిది అనలేడు. నేనంటే, రేపటి నుంచి ఆ ఇద్దరికీ అన్నం పెట్టాల్సింది నేను, ఆ ముఖాలు చూడాల్సింది నేను. మీకైతే ఆ ఇబ్బంది లేదు, మెట్లు దిగి వెళ్ళిపోతారు." ఆవిడ లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

వీధి మలుపు దాకా ఇద్దరూ తడుస్తూనే నడిచారు. సోడాబుడ్డి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చివరికి అడిగాడు.

"అయితే సార్, ఈ కేసు మనం పట్టినట్టా, పట్టనట్టా?"

"కేసు ఎక్కడుంది సోడాబుడ్డీ," అన్నాడు భూతద్దం. "ఆవిడ మన చేత చావుకబురు మోయించింది."